ద్రాక్షతోటలో మునిగిన పడవ

మా వంశంలో లైసెన్సు పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. అంతకుముందు లైసెన్సు అవసరమయ్యే పనులు మావాళ్ళు చేయలేదని కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాయిన ట్రాక్టర్ నడుపుతూనే ఉన్నాడు. మేడ్చల్ చౌరస్తాలో ఎవరైనా పోలీసు ఆపితే, జేబులో చెయ్యి పెట్టే బదులు "మీదే ఊరు?" అని అడిగేవాడు. నాలుగో ప్రశ్నకల్లా ఇద్దరికీ ఏదో ఒక చుట్టరికం తేలేది. అంతకన్నా గట్టి కాగితం ఏ ఆఫీసులోనూ ఇవ్వరు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను తెచ్చుకున్న లైసెన్సు పడవలో రేడియో మాట్లాడడానికి. మేడ్చల్‌కూ సముద్రానికీ ఎంత దూరమో తెలిసినవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగి నవ్వుకోవచ్చు. మా ఊరివాళ్ళు ఆగకుండానే నవ్వారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో అప్పటిదాకా ఎటు చూసినా ద్రాక్షతోటలే. మాదీ ఒకటి ఉండేది. వానలు మొహం చాటేశాయి, బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి, తీగలు పోయి పందిరి రాళ్ళు మిగిలాయి. ఆ రాళ్ళ మధ్యన సున్నంతో గీతలు గీస్తే దాన్ని వెంచర్ అనేవారు. పక్క తోట వెంచర్ అయింది. దాని ఆఫీసులో, రేకుల షెడ్డు కింద, ఫిజిక్స్‌లో డిగ్రీ ఉన్న ఒక మనిషి కోసం ఒక కుర్చీ సిద్ధంగా ఉంది. ఆ మనిషిని నేనే.

"మంచి కుర్సీ రా. సుట్టూ తిరుగుతది," అన్నాడు నాయిన.

నాకు ఆ కుర్చీలో తిరగాలని లేదు. కాలేజీలో నాతో చదివిన ఒకతను కాకినాడ దగ్గర సముద్రం లోతు కొలిచే ఒక చిన్న పడవలో పనిచేస్తున్నాడు. వాళ్ళ రేడియో మనిషి పెద్ద ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. కొలిచే యంత్రాలూ రేడియో రెండూ చూసుకోగలవాడు కావాలి, నిన్ను రమ్మంటున్నారు అని కబురు పెట్టాడు. షరతు ఒక్కటే. దసరా దాటాక పడవ మళ్ళీ సముద్రంలోకి దిగే లోపల రేడియో సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"సరే," అన్నాడు నాయిన. "దసరా దాక సూస్త. పాసైతే పో. కాకుంటే కుర్సీల కూసో. మల్ల మాట్లాడొద్దు."

నేను ఒప్పుకున్నాను. రేడియోలో మాట్లాడడానికి లైసెన్సు ఎందుకు, నోరుంటే చాలదా అని అప్పట్లో నేనూ అనుకున్నాను. తర్వాత తెలిసింది, రెండు లైసెన్సులు కావాలని. బండికి ఆర్సీ ఉన్నట్టు రేడియో పెట్టెకు ఒకటి, నడిపేవాడికి ఉన్నట్టు మాట్లాడేవాడికి ఒకటి. చెన్నైలో శిక్షణ తీసుకోవాలి, అక్కడే రాత పరీక్ష, ఆ తర్వాత రేడియో ముందు కూర్చోబెట్టి మాట్లాడించే పరీక్ష. రాసేదానికి నేను భయపడలేదు. మాట్లాడేదానికి అసలే భయపడలేదు. మా ఇంట్లో మాట్లాడడం తప్ప ఇంకేం చేశాం గనక.

చెన్నై వెళ్ళే ముందు కాస్త సాధన ఉంటే మంచిదని ఎవరో చెబితే షామీర్‌పేటలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కోస్తా నుంచి వచ్చి, ఓడల్లో రేడియో ఆఫీసరుగా రిటైరై, కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. మేడ మీద నుంచి చెరువు కనిపిస్తుంది. సముద్రం చూసినవారు ఈ చెరువు పక్కకు వచ్చారేమిటని అడిగితే, "నీళ్ళు కనపడుతూ ఉండాలయ్యా. కదలకపోతే మరీ మంచిది," అన్నారు.

నేను ఆయన్ని సార్ అనేవాణ్ణి. ఆయన దగ్గర రేడియో లేదు. చేతిలో పట్టుకుని మాట్లాడుకునే సెట్లు ఎవరో తెచ్చిస్తామన్నా వద్దన్నారట. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం, లైసెన్సు కోసం చదివేవాడితోనే నేరం చేయిస్తే ఎలా అని. పాడైపోయిన రెండు టెలిఫోన్ రిసీవర్లకు రెండు కాలింగ్ బెల్ బొత్తాలు కట్టారు. వైర్లు లేవు. బొత్తాం నొక్కి పట్టుకుంటే మాట్లాడాలి, వదిలితే వినాలి. "ఓవర్" అంటే నా మాట అయింది, ఇక నీ వంతు. "ఔట్" అంటే సంభాషణ ముగిసింది. ఇంతే.

ఇంతే అని ఆయన అన్నారు. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు మనం మాట్లాడకూడదన్న సూత్రం నేను ఆ ముందుగదిలోనే మొదటిసారి విన్నాను.

ఆపదలో ఉన్న పడవ ఏం చెప్పాలో కూడా ఆయనే నేర్పారు. మనుషులు చచ్చిపోయే ప్రమాదం ఉంటే "మేడే" అని మూడుసార్లు. ఎర్రజెండాల పండక్కీ దానికీ సంబంధం లేదు. తర్వాత పడవ పేరు, ఎక్కడున్నామో, ఏం జరిగిందో, ఏ సాయం కావాలో, ఎందరున్నామో. ప్రాణాపాయం ఇప్పుడే లేదు గానీ ఇబ్బంది ఉందంటే మేడే అనకూడదు, దానికి "పాన్ పాన్" అని వేరే పిలుపు ఉంది. మేడే వినబడితే చుట్టుపక్కల పడవలన్నీ పని ఆపి చెవి పెడతాయి. పాన్ పాన్ అంటే విని, అవసరమైతే వస్తాయి.

"నీ పడవకు ఓ పేరు పెట్టుకో," అన్నారు.

అనాబ్ అని పెట్టాను. మా తోటలో పండిన ద్రాక్ష పేరు. ఆల్ఫా, నవంబర్, ఆల్ఫా, బ్రావో అని అక్షరం అక్షరం పలకడం సులువు.

"అనాబ్‌కు అడుగున చిల్లు పడింది. ఇంజను గదిలో నడుము లోతు నీళ్ళు. నలుగురు ఉన్నారు. పిలువు."

నేను బొత్తాం నొక్కాను. "నమస్తే సార్, అనాబ్ నుంచి మాట్లాడుతున్న. అంతా బాగేనా? ఇక్కడ పడవలకు జర నీళ్ళొచ్చినయ్..."

ఆయన రిసీవరు బల్ల మీద పెట్టేశారు.

"నీ పడవ మునిగిపోయిందయ్యా. నువ్వింకా కుశలప్రశ్నల్లోనే ఉన్నావు."

రెండోసారి నమస్తే తీసేశాను. ఈసారి నా నోటి నుంచి పాన్ పాన్ వచ్చింది.

"నడుము లోతు నీళ్ళు, పాన్ పాన్ ఏంటయ్యా? ఇంకెంత మునిగితే మేడే అంటావు?"

"తల మీదికి వచ్చినంక సార్."

"అప్పుడు మాట్లాడేది ఎవరు?"

ఎక్కడున్నావో చెప్పమంటే మూడోసారి "షామీర్‌పేట కట్ట దాటినంక, కల్లు దుకాణం కెళ్ళి ఎడమకు" అన్నాను. కాపాడడానికి వచ్చే హెలికాప్టర్‌వాడు కల్లు దుకాణం దగ్గర దిగితే మళ్ళీ లేవడని ఆయన భయం. అక్షాంశం, రేఖాంశం అని రెండున్నాయి కదా అని గుర్తు చేశారు. అవి రెండు రోజుల్లో వచ్చేశాయి. మేడే మాత్రం రాలేదు.

తప్పు నాది కాదు, మా ఇంటిది. మావాళ్ళు చెడు కబురు ఉన్నదున్నట్టు చెప్పరు. ఎవరైనా పోతే "జర పానం బాగలేదు, జల్ది రాండ్రి" అని కబురొస్తుంది. వినేవాళ్ళకూ అర్థమవుతుంది, అయినా దారంతా పానం బాగలేదనే అనుకుంటూ వస్తారు. ఒకసారి మా చిన్నాయిన తుర్కపల్లి నుంచి ఫోన్ చేసి, అందరి యోగక్షేమాలూ అడిగి, తిన్నారా అని అడిగి, వానల గురించి కాసేపు విచారించి, చివర్న "ట్రాక్టర్ జర తడిసింది. ఈలైతే రాండ్రి" అన్నాడు. మేం వెళ్ళేసరికి ట్రాక్టర్ బావిలో ఉంది. స్టీరింగ్ ఒక్కటి పైకి కనిపిస్తోంది. చిన్నాయిన గట్టున కూర్చుని బీడీ తాగుతూ "తిన్నరా?" అని మళ్ళీ అడిగాడు.

రేడియో భాషలో చెప్పాలంటే మా వంశంలో మేడే లేదు. పుట్టిన దగ్గర్నుంచీ పాన్ పానే.

"ఇంట్లో సాధన చెయ్యి," అన్నారు సార్, రెండు రిసీవర్లూ నా చేతిలో పెట్టి. "గట్టిగా, భయం లేకుండా. నాలుక తిరగాలి. ఇలాగే వెళ్ళావంటే చెన్నైలో నిన్ను తీరం దాటనివ్వరు."

ఇంట్లో మొదలుపెట్టాను. సాయంత్రం, వరండాలో, రిసీవరు చెవికి పెట్టుకుని, "మేడే, మేడే, మేడే. అనాబ్, అనాబ్, అనాబ్. మునిగిపోతున్నం..." అన్నానో లేదో లోపలి నుంచి అవ్వ వచ్చింది. మా నాయినకు తల్లి. చేతిలో చేట ఉంది.

"దీపం వెట్టే యాళ్ళ ఇంట్ల మునుగుతున్న మునుగుతున్న అంటవేంది రా?"

"అవ్వా, నిజంగ గాదు. పరీక్షకు."

"పరీక్షకని తథాస్తు దేవతలకు ఎట్ల తెలుస్తది? ఆళ్ళు ఇన్నది ఇన్నట్టు తథాస్తు అంటరు. ఆళ్ళకు ఎవ్వలు సెప్తరు గిది పరీక్ష అని, నువ్వా?"

ఫిజిక్స్‌లో దీనికి జవాబు లేదు. చెప్పింది చెప్పినట్టు అందుకుని వెంటనే చర్య తీసుకోవడమే రేడియో పని గనక, ఒక రకంగా ఆమె చెప్పిందే సరైన పద్ధతి.

నాయిన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. "అంటే పరీక్ష బందే. కుర్సీ తుడవమని చెప్త."

"నువ్వుండు," అంది అవ్వ. ఆ కుర్చీ ఆమెకూ నచ్చలేదు. చెట్టుచేమల మధ్య బతికిన మనిషి, సున్నం గీతల మధ్య మనవణ్ణి చూడలేనని ఇంతకుముందే తేల్చి చెప్పింది. చేట కింద పెట్టి నావైపు తిరిగింది.

"నీళ్ళు లేని కాడ అను. మునగాలన్నా మునగనీకి ఏమున్నది ఆడ? దేవతలు తథాస్తు అన్నా ఏం జేస్తరు?"

మేడ్చల్ చుట్టుపక్కల ఆ ఏడు నీళ్ళు లేని చోటు వెతకనక్కరలేదు. మా తోటలో చివరగా ఎండిన బోరు ఉంది. మూడుసార్లు దించి చూసినా రాతిపొడి తప్ప రాలేదు. మరునాటి నుంచీ నా పడవ అక్కడ మునగడం మొదలుపెట్టింది.

అవ్వ కూడా వచ్చింది. నన్ను ఒంటరిగా వదిలితే నీళ్ళున్న దిక్కుకు తిరిగి అంటానని అనుమానం. షామీర్‌పేట చెరువు ఎటుందో చూసి, నా వీపు అటు పెట్టించి, బోరు పైపు పక్కన రాయి మీద కూర్చుంది. పిలుపు అందుకునేవాళ్ళు లేకపోతే సాధన కుదరదు గనక రెండో రిసీవరు ఆమె చేతిలో పెట్టాను. అలా ఓడల పిలుపులు అందుకునే తీర కేంద్రం ఒకటి మేడ్చల్‌లో వెలిసింది.

నేను మునుగుతున్నామని చెప్పి "ఓవర్" అంటాను. అవతలివాళ్ళు "మేడే అందింది" అనాలి. అవ్వ అందింది అనేది. ఆగేది కాదు. వెంటనే "సల్లగుండు, సల్లగుండు, సల్లగుండు" అనేది. నేను మూడుసార్లు చెడు మాట అంటే ఆమె మూడుసార్లు దీవించి దాన్ని చెల్లు చేసేది.

ప్రశ్నలు కూడా అడిగేది.

"నలుగురన్నవ్. ఎవలెవలు?"

"పేర్లు చెప్పొద్దవ్వా. ఎందరో చెప్తె చాలు."

"వంటాయనను లెక్కవెట్టినవా?"

పెట్టలేదు. మర్నాటి నుంచి ఐదుగురం మునిగాం.

రేడియోలో విన్న ఇతరుల సంగతులు బయట ఎవరికీ చెప్పకూడదని, అది కూడా లైసెన్సు నిబంధనేనని చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. "చెప్పొద్దంటే ఇనుడెందుకు?" అంది. "ఔట్" అన్న మాట మాత్రం చచ్చినా అనలేదు. మనిషి గడప దాటుతున్నప్పుడు పోతున్న అనరు, పోయొస్త అంటారు. సముద్రంలో ఉన్నవాడితో అయిపోయింది అని ఎట్లంటరు? కాబట్టి మా తీర కేంద్రం ప్రతి సంభాషణనూ "మల్ల మాట్లాడుదం" అని ముగించేది.

మొదట్లో పక్క వెంచర్‌లో ప్లాట్లు చూడడానికి వచ్చినవాళ్ళు ఆగి వినేవారు. ఎండిన తోట మధ్యలో ఒక పడుచువాడు టెలిఫోన్ పట్టుకుని మునిగిపోతున్నాం కాపాడండి అని అరవడం, ఎదురుగా ముసలామె ఇంకో టెలిఫోన్‌లో దీవించడం చూసి ఒకాయన "గీడ నీళ్ళు మస్తున్నట్టున్నయ్" అన్నాడు. వెంచర్‌వాళ్ళు ఆ మాట కాదనలేదు.

కొన్ని రోజులకు నా నాలుక మారింది. ఎండలో, రాతిపొడి మీద, అవ్వ చూస్తుండగా మునిగిపోతున్నామని అనగలిగినవాడికి ఇంకెక్కడైనా అనడం కష్టం కాదు. నమస్తే పోయింది. జర పోయింది. సార్ ఒకరోజు స్కూటర్ మీద వచ్చి చూశారు. నా మేడే విని తల ఊపారు. అవ్వ జవాబు విని తల ఊపడం ఆపేశారు.

"అమ్మగారూ, అందింది అనడం వరకే అండి. ఆ తర్వాత మాట అనకూడదు. అనవసరమైన మాట రేడియోలో నిషేధం."

"మునిగేటోనికి మంచి మాట అనవసరమా సారూ?"

సార్ స్కూటర్ వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

"మీరు అనండమ్మా," అన్నారు చివరికి. "వీడు మాత్రం అనకూడదు."

చెన్నైలో శిక్షణ బాగా జరిగింది. అసలైన రేడియో, మూత కింద ఎర్ర బొత్తాం, ఆపద పిలుపులు వినే పదహారో చానల్, అన్నీ చూశాను. రాత పరీక్ష రాశాను. తర్వాత నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి, అద్దం అవతల గదిలో పరీక్షకుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. నెరిసిన మీసం, నవ్వని ముఖం.

నా పడవకు నిప్పంటుకుంది. కళ్ళు మూసుకున్నాను. బోరు పైపు, రాతి స్తంభాలు కనిపించాయి. బొత్తాం నొక్కి మేడే అన్నాను. పేరు, చోటు, నిప్పు, సాయం, వంటాయనతో కలిపి ఐదుగురు. ఓవర్. ఎవరినీ తిన్నారా అని అడగలేదు. అద్దం అవతల పెన్ను ఒకసారి కదిలింది.

తర్వాత ఇంకో పడవ మునిగింది. ఇప్పుడు పిలుపు అందుకోవడం నా వంతు. ఆ పడవ పేరు మూడుసార్లు పలికి, నా పడవ పేరు చెప్పి, "మేడే అందింది" అన్నాను. అక్కడికి అంతా సరిగ్గా ఉంది. బొత్తాం వదలాల్సింది. వేలు వదల్లేదు.

"సల్లగుండు, సల్లగుండు, సల్లగుండు."

పరీక్షకుడు హెడ్‌ఫోన్లు తీసి, గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ చివరి మాటలు ఏ నిబంధన కింద వస్తాయని ఇంగ్లీషులో అడిగాడు.

"మా తీర కేంద్రంలో వాడుక సార్."

"ఏ తీర కేంద్రం?"

"మేడ్చల్ సార్."

ఆయన గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళాడు. నెల్లూరు నుంచి మొదలుపెట్టి తీరం పొడవునా పైకి వేలు జరుపుకుంటూ పోయాడు. విశాఖ దాటింది. ఒరిస్సా కూడా వచ్చింది. మేడ్చల్ దొరకలేదు. నాకు మాత్రం తిరిగే కుర్చీ స్పష్టంగా కనిపించింది.

"అర్థం ఏమిటి?"

చెప్పాను. చల్లగా ఉండు, బాగుండు అని.

"అనవసరమైన ప్రసారం. మార్కులు తగ్గిస్తాను," అని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎన్ని తగ్గిస్తాడో చెప్పలేదు.

సాయంత్రం ఫలితాలు బోర్డు మీద పెట్టారు. నా పేరు అందులో ఉంది. మరీ పైన లేదు. నేను అది రెండుసార్లు చదివి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి దూరాను. ఇంట్లో ఫోన్ అవ్వే ఎత్తింది.

శిక్షణ అంతా ఎక్కడికి పోయిందో తెలీదు. సంతోషంలో పాత నాలుక వచ్చేసింది.

"అవ్వా, నేను. బాగున్నవా? తిన్నరా అందరు?"

కుశలంతో మొదలైన ఫోన్‌కు మా ఇంట్లో ఒక్కటే అర్థం. చిన్నాయిన ట్రాక్టర్ అందరికీ గుర్తుంది.

"ఎంత లోతుల ఉన్నవ్ బిడ్డా?" అంది అవ్వ మెల్లగా. "ఫెయిలైనవా?"

"లేదవ్వా! పాసైన!"

"మరి తిన్నరా అని అడుగుతవేంది రా! పానం జల్లుమన్నది. నీకేం నేర్పిన నేను? ముందుగల సంగతి చెప్పు, మూడుసార్లు చెప్పు. ఓవర్."

"పాసైన, పాసైన, పాసైన. ఓవర్."

వెనక నాయిన గొంతు వినిపించింది, ఏమన్నడే అమ్మా అని. అవ్వ ఫోన్ పక్కకు పెట్టకుండానే జవాబిచ్చింది. "గా కుర్సీ ఇంకెవలకన్న ఇయ్యమను."

తర్వాత ఆమె కాసేపు ఆగింది. ఎదుటివాడి మాట పూర్తయిందో లేదో చూసుకునే విరామం అది, నేను నేర్పిందే. బూత్ మీటరు మీద అంకెలు ఎగురుతున్నాయి, నేను చూడలేదు.

"అందింది," అంది అవ్వ. "సల్లగుండు, సల్లగుండు, సల్లగుండు. మల్ల మాట్లాడుదం."